కింద రాసినదల్లా వత్తు కాదు

మా మనవరాలి బడిలో ఈ మధ్య 'హెరిటేజ్ నైట్' అని ఒక వేడుక చేశారు. ఏ ఇంటి పిల్లలు ఆ ఇంటి భాషలో తమ పేరు రాసి పంపితే, బడివాళ్లు వాటిని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి గోడ పొడుగునా అంటిస్తారు. మా అమ్మాయి కంప్యూటర్‌లో పేరు కొట్టి పంపించింది. నేను మంచి చీర కట్టుకుని, మా బాతెల్ ఊరి వానలో గొడుగు పట్టుకుని, కారుకి పార్కింగ్ దొరక్క అర మైలు నడిచి వెళ్లి చూద్దును గదా, రష్యా పేర్లు బాగున్నాయి, చైనా పేర్లు బాగున్నాయి, కొరియా పేర్లయితే గళ్లలో కూర్చోబెట్టినట్టు కుదురుగా ఉన్నాయి, మన 'స్నిగ్ధ' మాత్రం 'స్‌ నిగ్‌ ధ' అని వత్తులు రాలిపోయి, పొల్లులు నెత్తిన పెట్టుకుని మూడు ముక్కలై గోడకు వేలాడుతోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మాయి నా ముఖం చూసి సంగతి కనిపెట్టేసి, “అమ్మా, లీవ్ ఇట్. కింద ఇంగ్లీష్‌లో ఉందిగా, తెలుగు ఎవరు చదువుతారు చెప్పు?” అంది. మనవరాలు నా చీర కొంగు పట్టుకుని, “అమ్మమ్మా, ఇది రాంగ్ ఉందా?” అని అడిగింది. రాంగే అని చెప్పాను. మర్నాడు టీచర్‌కి మెయిల్ రాశాను, ఆవిడ ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పి రెండు రోజుల్లో సరిచేయించింది, బడిలో ఆ గొడవ అంతటితో తీరిపోయింది. ఇంట్లో మాత్రం తీరలేదు. ఇంత చిన్న విషయానికి బడికి మెయిల్ రాయడమేమిటని మా అల్లుడు నవ్వాడు, మా ఆయన నాకు చాదస్తం ముదిరిందని తేల్చారు. నా ఈడువాళ్లు, నాలాగే ఈ అమెరికాకి ఉద్యోగాలకు వచ్చి జుట్టు నెరిసినవాళ్లు, మీరైనా నా మాట వినండి. ఎవరు చదువుతారు అన్న ఆ మాట నాకు కొత్తది కాదు. ముప్పై ఏళ్ల కిందట ఇదే రాష్ట్రంలో, ఇంకొకరి భాష గురించి, ఇంకొకరి బిడ్డ పేరు గురించి నేను విన్నాను. అప్పుడు నోరు మూసుకుని కూర్చున్నాను.

అప్పటికి నేను హెచ్-వన్ మీద వచ్చి రెండేళ్లయింది. వీసా నాది, మా ఆయన డిపెండెంట్‌గా వచ్చారు. ఆ 'డిపెండెంట్' అన్న మాట చుట్టాల దగ్గర పలకలేక, ఉత్తరాల్లో 'ప్రస్తుతం పరిస్థితులు అధ్యయనం చేస్తున్నాను' అని రాసుకునేవారు పాపం. నేను చేరింది చాలా చిన్న కంపెనీ, ఒక పళ్ల డాక్టరుగారి క్లినిక్ పై అంతస్తులో అయిదారు గదులు, కింద డ్రిల్లు మోగితే పైన మా పళ్లు జిల్లుమనేవి. మేము తయారుచేసేది పేర్లు అచ్చువేసే ప్రోగ్రామ్. బళ్లకు సర్టిఫికెట్లు, చర్చీలకు సభ్యుల పట్టికలు, మీటింగులకు చొక్కాకి తగిలించుకునే పేరు చీటీలు, ఇవే మా సరుకు. జపాను వాళ్లకూ కొరియా వాళ్లకూ కూడా అమ్మాలని మా మేనేజర్‌కి బుద్ధి పుట్టింది. ఆయన ఇక్కడి మనిషే, చెడ్డవాడని అనను, కానీ ఆయన లెక్కలో ఇంగ్లీషు కాని రాతలన్నీ ఒకే గూటివి. ఇండియా నుంచి వచ్చింది కదా, వంకరటింకర అక్షరాలు అలవాటే కదా అని కొరియా అక్షరాల పని నాకు అంటగట్టాడు. అప్పటికి కొరియా ఎటు పక్కన ఉందో కూడా నాకు సరిగ్గా తెలియదు.

నాకు ఆ అక్షరాలు నేర్పింది మా ఆఫీసులోనే టెస్టింగ్ చేసే ఒక కొరియా ఆవిడ. నాకన్న ఆరేళ్లు పెద్ద. వాళ్ల భాషలో ఆడవాళ్లు తమకన్న పెద్దదైన ఆడమనిషిని 'అన్నీ' అని పిలుస్తారట. మా భాషలో అన్నీ అంటే సమస్తం అని చెబితే, అయితే ఇంకా మంచిది అని నవ్వింది. నేను మాత్రం అక్క అనే పిలిచాను, ఆవిడకీ ఆ పిలుపు నచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర పేపర్ నాప్‌కిన్ల మీద గీసి చూపిస్తూ ఆవిడ నాకు అ ఆలు దిద్దించింది. రెండో రోజుకే నాకు ప్రాణం లేచివచ్చింది, ఎందుకంటే అది అచ్చంగా మన గుణింతమే. ముందు ఒక హల్లు, పక్కనో కిందో ఒక అచ్చు, అవసరమైతే అన్నిటికీ అడుగున ఇంకొక హల్లు, మొత్తం కలిపి ఒక గడిలో ఒక అక్షరం. వాళ్ల పిల్లలు కూడా 'గ న ద ర మ బ స' అని రాగం తీసి వల్లిస్తారట. ఆవిడ వల్లిస్తుంటే మా ఊరి బడిలో బల్ల మీద బెత్తంతో తాళం వేసే మా పంతులుగారు కళ్లముందు కనిపించారు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, విసుక్కోకండి. మొదట వచ్చే హల్లులు పందొమ్మిది, అచ్చులు ఇరవయ్యొకటి, అడుగున వచ్చేవి ఇరవైయేడు రకాలు, ఏమీ రాకపోవడం ఇరవైయెనిమిదో రకం. వీటిని గుణించి చూసుకుంటే పదకొండువేల నూట డెబ్బైరెండు అక్షరాలు వస్తాయి. కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక నంబరు, అంతకుమించి దానికేమీ తెలియదు. అప్పట్లో వాడుకలో ఉన్న పాత పద్ధతిలో, ఇన్నిటికి నంబర్లు ఎక్కడ ఇస్తాంలే అని, ఎక్కువగా వాడే రెండువేల మూడువందల యాభై అక్షరాలను మాత్రం ఏరి పట్టిక వేశారు. ఆ పట్టికలో ఉంటే అక్షరం పడుతుంది, లేకపోతే అక్కడ ఖాళీ డబ్బా పడుతుంది. మా ప్రోగ్రామ్‌కి కూడా ఆ పట్టికే చాలునని మా మేనేజర్ నిశ్చయించాడు.

ఆ పట్టికలో లేని అక్షరాల్లో ఒకటి మా అక్క కూతురి పేరులో ఉంది.

ఆ పిల్లకు అప్పుడు ఆరేళ్లు. పేరు పెట్టింది వాళ్ల అమ్మమ్మ, అంటే మా అక్కవాళ్ల అమ్మ. పాత కొరియా మాటల్లోంచి ఏరి, రెండక్షరాల పేరు పెట్టిందట. రెండో అక్షరం 'మ్వి'కీ 'మి'కీ మధ్య ఉంటుంది, ఇప్పటి వాళ్ల నోట్లో 'మి' అనే వినిపిస్తుంది. రాతలో తేడా ఒక్క గీత. 'మి'లో మకారం అడుగున ఒక అడ్డగీత గీస్తే ఆ పిల్ల అక్షరం అవుతుంది. పట్టికలో 'మి' ఉంది, గీత ఉన్నది లేదు. కొరియాలో ఉన్నప్పుడు పిల్ల పేరు రిజిస్టర్ చేయడానికి వెళితే కంప్యూటర్ తీసుకోవడం లేదు, గీత తీసేస్తే పోయేదేముంది, పలకడం ఒకటే కదా అన్నాడట అక్కడి ఆఫీసరు. వాళ్ల అమ్మ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని, చేత్తో రాసి ముద్ర వేసేదాకా లేవలేదట. అక్క ఈ కథ చెప్పేటప్పుడల్లా వాళ్ల అమ్మ కుర్చీలో కూర్చున్న తీరు కూడా చేసి చూపించేది. అటువంటి పిల్లను తీసుకుని అమెరికా వస్తే, ఇక్కడ శనివారాలు నడిచే కొరియా బడిలో కూడా అదే పాట. మా ప్రోగ్రామ్ మొదట కొనబోయేది సరిగ్గా ఆ బడివాళ్లే. తను పనిచేసే చోట తయారయ్యే ప్రోగ్రామ్‌లోనైనా తన కూతురి పేరు సరిగ్గా పడాలని అక్క కోరిక. అంతకుమించి ఆవిడ మమ్మల్ని ఎప్పుడూ ఏదీ అడగలేదు.

మేనేజర్‌ని అడిగింది కూడా. ఆయన చాలా శాంతంగా, అది అరుదైన అక్షరం, దానికోసం ఫాంట్ అంతా పెద్దది చేస్తే ఫ్లాపీల సంఖ్య పెరుగుతుంది, అయినా దాన్ని ఎంతమంది చదువుతారు అన్నాడు. అరుదట. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ పిల్లకు అది అరుదెలా అవుతుంది? పొద్దున లేస్తే అదే పేరు, పలక మీద అదే పేరు, టిఫిన్ డబ్బా మీద అదే పేరు. మా నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేశారు. సీసపు అక్షరాలు ఏరి ఏరి ఆయన వేలి కొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. శుభలేఖలో పెళ్లికూతురి పేరుకు కావలసిన వత్తు అక్షరాల పెట్టెలో లేకపోతే, వేరే వత్తు తీసుకుని ఆకురాయితో అరగదీసి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూసుకుంటూ, కావలసిన వత్తు చేసేవారు. పేరులో అచ్చుతప్పు పడితే అది తప్పు కాదు, అవమానం అనేవారు. ఆయన చదివింది అయిదో తరగతి. మా మేనేజర్‌కి రెండు డిగ్రీలు గోడ మీద వేలాడుతుండేవి.

ఆ కోపంలోనే నాకు ఒక ఆలోచన తట్టింది. గుణింతానికి పట్టిక ఎందుకు? మనం ఎవరమైనా 'కి, గి, చి, జి' అన్నీ విడివిడిగా బట్టీపట్టామా? హల్లు తెలిస్తే, గుడి తెలిస్తే, ఏ అక్షరమైనా మనమే కట్టుకుంటాం. అలాగే మూడు ముక్కలూ ఇస్తే నంబరు తనే లెక్క కట్టుకునే సూత్రం ఒక్కటి రాస్తే చాలు. అప్పటికే పదకొండువేల చిల్లర అక్షరాలనూ వరసగా పేర్చిన కొత్త పద్ధతి ఒకటి వస్తోందని, ఆ వరసలో తయారైన ఫాంట్ ఒకటి దొరుకుతోందని అక్కే చెప్పింది. నేను మేనేజర్‌తో ఏమీ గొడవ పడకుండా, ఒకసారి చేసి చూపిస్తాను, నచ్చకపోతే మీ పట్టికే పెడదాం అన్నాను. ఆయన సరేనన్నాడు. కొరియా బడి ప్రిన్సిపాల్ గారు ఇద్దరు టీచర్లతో మా ఆఫీసుకి వచ్చి ప్రోగ్రామ్ చూసే రోజున చూపించమన్నాడు.

సూత్రం రాశాను. నాలుగు లైన్లు, అంతే. పరీక్షించాను కూడా. 'గ న ద ర మ బ స' మొత్తం పద్నాలుగూ అచ్చువేస్తే ఒక్కటి తప్పకుండా వరసగా పడ్డాయి. ఆ కాగితం గోడకు అంటించి, మా ఆయనకి ఫోన్ చేసి గొప్పలు పోయాను. అక్కకు మాత్రం చెప్పలేదు. అక్క టెస్టింగ్ మనిషి, ఆవిడకు ఒక్క అరగంట ఇచ్చి ఉంటే అంతా బయటపడేది. కానీ నాకు ఆ రోజు అందరి ముందూ, అక్కకు తెలియకుండా, వాళ్ల పిల్ల పేరుతోనే మొదటి సర్టిఫికెట్ తీసి ఆవిడ చేతిలో పెట్టాలని సరదా. నా పొగరు అనండి, నా ప్రేమ అనండి, రెండూ కలిసే చేయించాయి ఆ పని.

ఆ రోజు ప్రిన్సిపాల్ గారు, టీచర్లు, మా మేనేజర్, అక్క, అందరూ ప్రింటర్ చుట్టూ నిలబడ్డారు. కాగితం బయటికి వచ్చింది. ముందు టీచర్లిద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఒకావిడ చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటిపేరు 'కిమ్' ఉండవలసిన చోట ఎవరికీ పలకడం చేతకాని అక్షరమేదో పడింది. పిల్ల పేరులో మొదటి అక్షరం సరిగ్గానే వచ్చింది. రెండో అక్షరం, నేను ఎదురుచూసిన ఆ గీత అక్షరం, 'మత్' అని పడింది. మత్ అంటే వాళ్ల భాషలో రుచి అట. పంచదార రుచి, పులుసు రుచి అన్నట్టు పిల్ల పేరు చివర రుచి తగిలించి సర్టిఫికెట్ ఇచ్చానన్నమాట. ప్రిన్సిపాల్ గారు మర్యాదస్తుడు, నవ్వలేదు. ఇంకో రెండు పేర్లు వేయించి చూశారు, అవీ అంతే. మా మేనేజర్ చెవులు ఎర్రబడ్డాయి. అక్క ఆ కాగితాన్ని తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తన హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది.

వాళ్లు వెళ్లిన రెండు గంటల్లో తప్పు ఎక్కడుందో నాకు తెలిసిపోయింది. ఆ తప్పు తెలుగువాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేరు. మనకు అక్షరం అడుగున ఏదైనా రాస్తే అది వత్తు. వత్తును కింద రాసినా, అచ్చుకన్నా ముందే పలుకుతాం. 'క్షి'లో క, దాని వత్తు, ఆ తరువాత గుడి. కొరియావాళ్లకు అడుగున రాసేది వత్తు కాదు, అచ్చు అయ్యాక వచ్చే పొల్లు. 'కిమ్'లో మకారం కిందే కూర్చుంటుంది కానీ చివర పలుకుతుంది. అక్క నాకు ఆ సంగతి మొదటి రోజే చెప్పింది, చదవడంలో నేను ఎప్పుడూ పొరపడలేదు కూడా. కానీ సూత్రం రాసేటప్పుడు నా చెయ్యి అయిదేళ్ల వయసులో దిద్దిన వరసలోనే పోయింది. ముందు హల్లు, తరువాత అడుగున ఉన్నది, తరువాత అచ్చు.

ఒక వీధి అనుకోండి, హల్లుకొక వీధి. వీధిలో అచ్చుకొక ఇల్లు, ఇంట్లో అడుగు అక్షరానికొక గది, ఇలా ఉండాలి లెక్క. నేను అడుగు అక్షరానికొక ఇల్లు కట్టి, అచ్చులను గదుల్లో పెట్టాను. వీధిలో మొదటి ఇంటి మొదటి గది మాత్రం ఎవరు ఎలా లెక్కపెట్టినా ఒకటే. ఆ గదిలో ఉండేది అకారం, అడుగున ఏమీ లేనిది, అంటే సరిగ్గా నేను పరీక్షకు వాడిన 'గ న ద ర మ బ స'. పరీక్ష అనగానే 'గ న ద' తప్ప 'గి ను దొం' అని ఎవరికైనా తోస్తుందా చెప్పండి. నాకు తోచలేదు.

దిద్దడానికి పది నిమిషాలు పట్టలేదు. అక్కను పిలిచి ఇరవై పేర్లు వేయించాను, ఇరవయ్యీ సరిగ్గా వచ్చాయి, పిల్ల పేరు గీతతో సహా వచ్చింది. ఎందుకు తప్పిందో చెబితే అక్క నన్ను ఒక్క మాట అనలేదు. “నువ్వు నీ భాషలో ఆలోచించావు, అందులో తప్పేముంది, నేనైనా అంతే” అంది. మర్నాడు ఇద్దరం కాగితం పట్టుకుని మేనేజర్ గదికి వెళ్లాం. ఆయన కాగితం వైపు చూడనైనా చూడలేదు. బడివాళ్లు పాత పట్టికతో తయారైన ప్రోగ్రామ్ తీసుకోవడానికి ఒప్పుకున్నారని, నిన్నటి అనుభవం తరువాత ఈ సూత్రం ఊసు వాళ్ల దగ్గర ఎత్తడం తనకిష్టం లేదని, పిల్ల పేరుకు గీత లేని 'మి' వాడుకుంటే సరిపోతుందని బడివాళ్లే అన్నారని చెప్పాడు. అక్క ఏదో అనబోయి నా వైపు చూసింది.

ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. సూత్రం రాసింది నేను, తప్పు ఎందుకు జరిగిందో వివరించగలిగింది నేను, బడి ప్రిన్సిపాల్ గారికి ఒక్క ఫోన్ చేసి ఇంకోసారి వచ్చి చూడండి అని చెప్పగలిగింది నేను. అదే సమయానికి మేనేజర్ తన బల్ల మీద ఉన్న ఒక ఫైల్‌ని ఇటునుంచి అటు జరిపి, నీ గ్రీన్‌కార్డ్ పేపర్లు లాయర్ దగ్గర నుంచి వచ్చాయి, ఈ వారంలో సంతకం చేసి పంపాలి, గుర్తు చెయ్యి అన్నాడు. బెదిరించాడని ఆయన మీద నింద వేయను. నిజంగానే గుర్తు చేయమన్నాడేమో. కానీ మా ఆయనకి ఉద్యోగం చేసే హక్కు లేదు, మేనేజర్ సంతకం ఆగితే ఇద్దరం పెట్టె సర్దుకోవలసిందే. సరే సార్ అన్నాను. అక్క నాకన్నా ముందే గదిలోంచి బయటికి వెళ్లిపోయింది.

హెచ్-వన్ మీద బతికిన నా ఈడువాళ్లకి ఈ 'సరే' ఎంత చేదో వేరే చెప్పక్కరలేదు. ఎన్ని 'సరే'ల మీద మన ఇళ్లూ వాకిళ్లూ లేచాయో మనకే తెలుసు. అయితే నా సరేకి వెల కట్టింది నేను కాదు, ఆరేళ్ల పిల్ల. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ ఏడు బడి సర్టిఫికెట్లు మా ప్రోగ్రామ్‌తోనే అచ్చయ్యాయి. పిల్ల పేరు 'మి' అని పడింది. అక్క ఇంటికి తీసుకొచ్చి, సన్న పాళీ పెన్నుతో, మకారం అడుగున అడ్డగీత గీసింది. అచ్చు సిరాకీ పెన్ను సిరాకీ తేడా తెలియకుండా నాలుగు రకాల నల్ల పెన్నులు కొని పెట్టుకుంది. ప్రతి ఏడూ సర్టిఫికెట్ రావడం, అక్క గీత గీయడం. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా గోడ మీద వరసగా ఆ కాగితాలు, వాటి మీద ఆ గీతలు కనిపించేవి. తెలియనివాళ్లకు అచ్చులాగే ఉంటుంది. నాకు మాత్రం ఒక్కొక్క గీతా పేరుపేరునా కనిపించేది. కళ్లు తిప్పుకుని వేరే సంగతులు మాట్లాడేదాన్ని.

పిల్లకు పదకొండేళ్లు వచ్చిన ఏడు, ఏదో వ్యాసరచనలో మొదటి బహుమతి వచ్చిందట. అక్క అలవాటుగా పెన్ను తీస్తే, పిల్ల కాగితం వెనక్కి లాక్కుని, నా సర్టిఫికెట్ మీద గీయకు అందట. చూసినవాళ్లు నేనేదో దిద్దుకున్నాననుకుంటారు, మా క్లాసులో అందరూ గీత లేకుండానే రాస్తారు, నేనూ అలాగే రాస్తున్నాను అందట. ఈ మాట అక్క నాకు ఫోన్‌లో చెప్పింది. చెప్పి, పోనీలే, పలకడం ఒకటే కదా అంది. ఎవరో ఆఫీసరు అన్న మాటను, వాళ్ల అమ్మ కుర్చీలోంచి లేవకుండా తిప్పికొట్టిన మాటను, చివరికి అక్క నోటే విన్నాను.

అప్పటికి కొన్నేళ్ల ముందే ఆ కొత్త పద్ధతి అన్నిచోట్లా వచ్చేసింది. కొరియావాళ్లు పట్టుబట్టి, దెబ్బలాడి, అంతకుముందు చాలీచాలకుండా అక్కడొకటి ఇక్కడొకటి ఇచ్చిన నంబర్లన్నీ రద్దు చేయించి, పదకొండువేల నూట డెబ్బైరెండుకీ ఒకేచోట వరసగా చోటు తెచ్చుకున్నారు. ఆ వరసకు సూత్రం అచ్చంగా నేను దిద్దిన సూత్రమే. నన్నడిగి పెట్టారని కాదు, గుణింతం తెలిసిన ఎవరైనా అక్కడికే వస్తారు. మన తెలుగుకి వాళ్లలా అక్షరానికొక నంబరు లేదు, హల్లుకీ గుడికీ పొల్లుకీ వేరువేరు నంబర్లిచ్చి, కలుపుకోవడం ప్రోగ్రామ్‌కి వదిలేశారు. అందులో తప్పేమీ లేదు, మనకున్న వత్తులకు అదే సరైన దారి. కానీ కలపవలసినవాడు కలపకపోతే పేరు ముక్కలవుతుంది. కలపవలసినవాడు ఎవరు? ఈ బాతెల్‌లో ఏ వీధిలో చూసినా నలుగురు తెలుగు ఇంజినీర్లు ఉన్నారు, ప్రపంచంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో సగం మేమే రాస్తున్నామని పార్టీల్లో చెప్పుకుంటారు. వాళ్ల ఫోన్లలో తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఎప్పుడైనా తెలుగులో రాసినా కృష్ణని క్రిష్ణ చేసి, శ్రీని స్రీ చేసి, పలకడం ఒకటేగా ఆంటీ అంటారు. నేను నోరు విప్పితే చాదస్తం. కొరియా ముసలావిడ కుర్చీ వేసుకుని కూర్చుంటే పని అయింది, మనకు కుర్చీ వేసుకునే తీరికే లేదు.

పోయిన ఆదివారం లిన్‌వుడ్‌లో అక్కావాళ్లింటికి వెళ్లాను. అక్క రిటైరై చాలా కాలమైంది, మోకాళ్లు పట్టేశాయి. కూతురు కూడా వచ్చి ఉంది, ముప్పై అయిదు దాటాయి, ఫిజికల్ థెరపీ క్లినిక్ నడుపుతోంది, ఎంతో నెమ్మదైన పిల్ల. బడి గోడ మీద మనవరాలి పేరు సంగతి చెబుతూ చెబుతూ ఊరుకోలేక, నా ఫోన్‌లో కొరియా కీబోర్డ్ తెరిచి, ఆ పిల్ల పేరు కొట్టాను. గీతతో సహా ఒక్క క్షణంలో పడింది. ముప్పై ఏళ్ల బరువు దిగిపోతున్నట్టు అనిపించి, చూడమ్మా అని ఫోన్ ఆమె చేతికిచ్చాను.

ఆమె చూసి, చాలా సంతోషంగా నవ్వింది. “బ్యూటిఫుల్ ఆంటీ. మా అమ్మమ్మ ఇలాగే రాసేది” అంది ఇంగ్లీషులో. తరువాత, నా మనసు నొచ్చుకోకూడదన్నట్టు నా చేతి మీద చెయ్యి వేసి, “కానీ ఇది నా పేరు కాదు. నా పేరులో ఈ గీత లేదు” అంది. తన క్లినిక్ కార్డ్ తీసి చూపించింది. ఒక పక్క ఇంగ్లీషు, ఇంకో పక్క కొరియా. చక్కగా, ఎక్కడా ముక్కలవకుండా, తప్పు అక్షరంతో ఉంది. తప్పు అని నేను అనకూడదు. పెద్ద మనిషి, తన పేరు తను ఎలా రాసుకుంటే అదే ఒప్పు.

అక్క తల ఎత్తలేదు, పళ్లెంలో బేరిపండు చెక్కు తీస్తూనే ఉంది. కూతురు కారులోంచి ఏదో తేవడానికి బయటికి వెళ్లాక కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, తన ఫోన్ నాకిచ్చింది. కూతురి నంబరు దగ్గర పేరు గీతతో మార్చి పెట్టమంది, నాకొక్కదానికే కనిపిస్తుంది కదా, దానికి తెలియక్కరలేదు అంది. నేను మార్చి ఇచ్చాను. అక్క కళ్లద్దాలు పెట్టుకుని, ఆ పేరును చాలాసేపు చూసుకుంది.

ఇంటికి వచ్చేదాకా నాకు కోపం ఎవరిమీద పడాలో తెలియలేదు. ఆ మేనేజర్ ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు, ఆ కంపెనీ ఉన్న మేడ పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు. తిట్టుకోవడానికి నేనొక్కదాన్నే మిగిలాను. అప్పట్లో ఆ అక్షరానికి యంత్రంలో చోటు లేదు గానీ, దాని కోసం కుర్చీ వేసుకుని కూర్చునే అమ్మమ్మ ఉంది, నల్ల పెన్ను పట్టుకునే అమ్మ ఉంది. ఇప్పుడు భూమ్మీద ఏ మూల ఏ ఫోన్ తీసినా ఆ అక్షరం ఉంది. అది తన పేరని చెప్పే పిల్ల లేదు.